అవతలి ఒడ్డు ఆవిడ

మా ఊరి వారపత్రికలో నా సీరియల్ చివరి పేజీలో, చావు ప్రకటనల నెత్తిన వస్తుంది. ఆ చోటు నేను అడిగింది కాదు. ఎడిటర్ మెతోడి ఇచ్చాడు. "మనూళ్లో పేపరు కొన్నవాడు ముందు వెనక పేజీ తిప్పుతాడు. ఈ వారం ఎవరు పోయారో చూసుకుంటాడు. అప్పుడు నీ కథ కంటబడుతుంది. ఇంతకన్నా మంచి జాగా నీకు రాజధాని సోఫియాలో కూడా ఎవడూ ఇవ్వడు," అన్నాడు. అతనన్నట్టే జనం చదివారు. అయితే ఆ పేజీలో అబద్ధం అచ్చు వెయ్యరని మా ఊరి నమ్మకం. నల్లగీతల లోపల ఫొటో, పేరు, పోయి నలభై రోజులనో ఏడాదనో ఒక మాట, కింద ఇంటివాళ్ల పేర్లు. అన్నీ నిజాలే. వాటి పైన ఉన్న ఒక్క ముక్క మాత్రం కల్పన ఎలా అవుతుందని జనం అనుకుంటారని నాకు తట్టలేదు. కథలు రాసేదానికి అదీ నా తెలివి.

సీరియల్లో స్తామో అని ఒక ముసలి సరంగు ఉన్నాడు. ఉద్యోగమంతా డాన్యూబ్ మీద సరుకు పడవలు నడిపాడు. పొగమంచు పట్టినప్పుడు పడవలు ఆగి ఆగి ఒక్కో పొడుగు కూత వేస్తాయి. స్తామో మాత్రం మా ఊరి ముందుకు వచ్చేసరికి రెండు పొట్టి కూతలు వేసేవాడు. అది విని అవతల రొమేనియా ఒడ్డున ఇలింకా అనే ఆవిడ చేపల పాక చూరుకి లాంతరు తగిలించేది. అంతే వాళ్ల సంబంధం. జీవితంలో ఒక్క మాట మాట్లాడుకోలేదు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

స్తామో ఎవరో ఊరు మొదటి వారమే పట్టేసింది. మా మేనమామ దోయ్చిన్ సరంగు పని చేసి రిటైరయ్యాడు. స్తామో కాఫీలో పంచదార వేసుకుని కలపకుండా తాగుతాడు, మావయ్యా అంతే. స్తామో ఎడమ భుజం కాస్త ఎత్తి నడుస్తాడు, మావయ్యా అంతే. వాటిని ఆయన దగ్గర తీసుకున్న మాట వాస్తవం. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనా, కుంకా అత్తయ్యా. నాకు ఇంకెవరి భుజాలు తెలుసు? కానీ ఇలింకా, ఆ లాంతరు, ఆ రెండు కూతలు మాత్రం నా సొంతం. ఒక మధ్యాహ్నం నేను పనిచేసే లైబ్రరీలో నా కుర్చీలో కూర్చుని, గాల్లోంచి తీసుకున్నవి.

ఇలింకా అచ్చయిన మర్నాడు రొట్టెల కొట్టు దగ్గర నా ముందు నిలబడ్డ త్సోన్కా వెనక్కి తిరిగింది. మావయ్య వాళ్ల పక్కింటావిడ.

"ఏమ్మా నెవెనా, మీ మావయ్య పైకి అంత నెమ్మదస్తుడు. అవతల ఇంత కథ నడిపాడా?"

"అది కథేనండీ. నేను కల్పించాను."

"కల్పించావులే," అంది జాలిగా. "అయినవాళ్ల గుట్టు నువ్వు కాక ఎవరు దాస్తారు? నిప్పు లేనిదే పొగ రాదమ్మా. వేడిగా ఉన్నాయి, రొట్టెలు చూసి పట్టుకో."

రొట్టెలు పట్టుకుని తిన్నగా మావయ్య వాళ్లింటికి బయల్దేరాను. వచ్చే శుక్రవారం మావయ్యకి పెద్ద పట్నం ప్లెవెన్‌లో గుండె ఆపరేషన్. లోపల ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదు. ఆ తేదీ కోసం వేసవంతా ఎదురు చూశాం. అది తప్పితే మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదు. అప్పటిదాకా ఆ కవాటం ఓర్చుకుంటుందో లేదో అసలే తెలియదు. ఆయనకి మనసు కష్టపెట్టే విషయాలు చెప్పొద్దని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. నేను అదే సమయానికి ఆయనకో ప్రియురాలిని తెచ్చి ఊరందరి ముందూ నిలబెట్టాను.

వాళ్లింటికి వెళ్లేసరికి అత్తయ్య పెరట్లో ఎర్ర బుట్టమిరపకాయలు కాలుస్తోంది. చలికాలానికి పచ్చడి పెట్టుకునే రోజులు, ఏ వీధిలో చూసినా అదే వాసన. కాల్చిన కాయకి తొక్క వలవడంలో అత్తయ్యది మహా సున్నితమైన చెయ్యి. ఆ రోజు తొక్కతో పాటు కండ కూడా ఊడి వస్తోంది.

"నీకెవరు చెప్పారే?" అంది తల ఎత్తకుండా.

"ఏది అత్తయ్యా?"

"ఆ లాంతరావిడ సంగతి."

"ఎవరూ చెప్పలేదు. నేనే ఊహించాను. ఒట్టు."

"ఓహో. పంచదార కలపకపోవడం ఊహించావా? భుజం ఎత్తడం ఊహించావా? అవన్నీ చూసి రాసి, ఇదొక్కటీ ఊహించావా?"

చూసింది ఎక్కడ ఆగి, ఊహించింది ఎక్కడ మొదలైందో గీత గీసి చూపించమంటే నావల్ల కాదు. మావయ్య వంటింటి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఒక్క మాటంటే తేలిపోతుంది.

"నువ్వు చెప్పు మావయ్యా. అలాంటావిడ ఎవరూ లేరని చెప్పు."

మావయ్య నది వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "పాత సంగతులు ఇప్పుడెందుకులే కుంకా," అన్నాడు.

అత్తయ్య చేతిలో కాయ గిన్నెలో పడేసి, చేతులు కడుక్కుని, నడుముకి కట్టుకున్న ఆప్రాను అంచుకి తుడుచుకుంది. ఏడవలేదు, అరవలేదు. అరిచి ఉంటే నాకు బాగుండేది.

"సరేనయ్యా. ప్లెవెన్‌కి ఆవిణ్ణే తీసుకుపో. లాంతరు పట్టుకుని పక్కన కూర్చుంటుంది. నేను గడప మీద నీళ్లు పోసి సాగనంపుతాను. నా పని అక్కడితో సరి."

ఆమె లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఏడుపు అప్పుడు వినిపించింది. మావయ్య ఆ తలుపు వంకే చూస్తూ, "అది రాకపోతే నేనూ వెళ్లను," అన్నాడు. ఆయన మొండితనం నాకు తెలుసు. అన్నాడంటే వెళ్లడు.

మర్నాడు ఆయన్ని రేవు దగ్గరి కాఫీ కొట్టులో పట్టుకున్నాను. రోజూ కూర్చునే బల్ల దగ్గర ఒక్కడే ఉన్నాడు. పంచదార కప్పు అడుగున అలాగే ఉంది.

"అబద్ధం ఎందుకు చెప్పావు మావయ్యా?"

"నేనేం చెప్పాను? పాత సంగతులెందుకు అన్నాను. ఏ పాత సంగతులో చెప్పానా?"

"నీకు అవతలి ఒడ్డున ఎవరూ లేరు."

"నీకెలా తెలుసే?"

"ఆవిణ్ణి పుట్టించింది నేను కాబట్టి."

నవ్వాడు. నవ్వితే ఆయనకి ఆయాసం వస్తుంది, కాసేపు బల్ల పట్టుకుని ఆగాడు. "అయినా పొగమంచులో అవతలి ఒడ్డు లాంతరు కనిపిస్తుందటే ఎక్కడైనా? ముక్కు ముందు వేలు పెట్టుకుంటే కనిపించదు. ఒక్కోసారి ఏ ఒడ్డు ఎటుందో కూడా తెలీదు. సరంగు ఇంట్లో పెరిగి ఆమాత్రం తెలీదూ?"

"కథలో కనిపిస్తుంది."

"కథలో భలే కనిపించింది. పక్కమీద పడుకుని మళ్లీ మళ్లీ చదివాను." గొంతు తగ్గించాడు. "ఈ బల్ల దగ్గర ఇన్నాళ్లూ నన్ను ఏమడిగేవారో తెలుసా? మందులేసుకున్నావా, కాళ్లు వాచాయా. ఇప్పుడు ఏమడుగుతున్నారో తెలుసా? కూతలు పొట్టివా పొడుగువా అని. నా సర్వీసంతా ఇసుకా బొగ్గూ మోశానే నెవా. ఏ మలుపులోనూ ఏమీ జరగలేదు. నువ్వు నాకొక ఆవిణ్ణిచ్చావు. రేపో మాపో కత్తి కిందికి వెళ్లేవాణ్ణి. ఇచ్చిందాన్ని వెనక్కి లాక్కోకు."

"మరి అత్తయ్య?"

"దానికి చెప్తాలే."

"ఎప్పుడు?"

"లేచాక."

లేవకపోతే అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆయనే అందుకున్నాడు. "లేవకపోతే నీ కథ కిందికి దిగుతాను. కాస్త మంచి ఫొటో వెయ్యమని మెతోడికి చెప్పు."

ఆయన వేళాకోళానికే అన్నాడు. నాకు మాత్రం ఆ పేజీ కళ్ల ముందు కట్టింది. పైన స్తామో, కింద నల్లగీతల్లో దోయ్చిన్.

మెతోడి దగ్గరికి పరిగెత్తాను. కథ పైన ఒక మాట అచ్చు వెయ్యమన్నాను. ఇందులోని వాళ్లందరూ కల్పితం, ఎవరినీ ఉద్దేశించింది కాదు అని.

"పిచ్చిదానా," అన్నాడు మెతోడి. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది. ఇప్పటిదాకా నమ్మనివాళ్లు కూడా నమ్ముతారు. ఆఖరి భాగం బుధవారం మధ్యాహ్నానికి పంపించు. స్తామో పోతున్నాడుగా?"

"తెలియదు."

"తెలియకపోవడమేమిటి, పోయిన వారం వేశాంగా, ముసలి సరంగు చివరి ప్రయాణం అని? ఊరంతా కాసుక్కూర్చుంది. శుభ్రంగా చంపెయ్యి. కథ నీది, అడిగేవాడెవడు?"

అడిగేవాడెవడు అన్నది నేనే ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్న మాట. లైబ్రరీకి వచ్చే పిల్లలకి కూడా చెప్పేదాన్ని. కాగితం ముందు కూర్చుంటే నువ్వే రాజువి, లేని నదిని పారించొచ్చు, పోయినవాణ్ణి లేపొచ్చు అని. ఇప్పుడు ఆ మాట నాకే అక్కరకు రాలేదు. స్తామోని చంపాలంటే చెయ్యి ఆడదు. బతికిస్తే ఇలింకా ఉంటుంది. ఇలింకా అంతా స్తామో కలే అని రాస్తే అత్తయ్య శాంతిస్తుందేమో. కానీ మావయ్య దగ్గర ఉన్న ఒక్క సంబరం ఊడలాక్కున్నట్టవుతుంది, కథ కూడా చెడుతుంది. ఇంత గండంలోనూ కథ చెడుతుందని బాధపడ్డాను, నా బుద్ధి అలాంటిది.

మంగళవారం లైబ్రరీకి సెలవు పెట్టి అత్తయ్య దగ్గరికి వెళ్లాను. మావయ్య ఇంట్లో లేడు. పచ్చడి కుండ పొయ్యి మీద ఉంది, ఆమె కలుపుతోంది. అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి, కాబట్టి ఆమె లేచి వెళ్లిపోలేదు. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాను.

"అత్తయ్యా, ఆయన ఊరికే బడాయికి అలా అన్నాడు. అలాంటావిడ లేదు. రాసేవాళ్లకి ఆ స్వేచ్ఛ ఉంటుంది. లేనివాళ్లని పుట్టించొచ్చు, జరగంది జరిగినట్టు..."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"లేదని తెలుసు. చదివిన రోజే తెలుసు. పొగమంచులో ఆ ఒడ్డు కనిపించదని నాకు తెలీదా? సరంగుతో కాపురం చేశాను. పైగా మీ మావయ్య సంగతి నాకు చెప్తావా? పొగమంచు పట్టిన రోజు ఇంటికొస్తే ఒకటే గొడవ. సాక్సులు తడిశాయి, పడవలో వంటవాడు చారు నీళ్లలా చేశాడు. అలాంటి మనిషికి లాంతరావిడొకటి." కుండ అంచుకి గరిటె గట్టిగా కొట్టింది.

"తెలిసి కూడా ఎందుకు ఏడ్చావు? ప్లెవెన్‌కి ఎందుకు రానంటున్నావు?"

ఆమె వంగి మంట తగ్గించింది. పచ్చడి బుడగలు చిట్లుతున్నాయి.

"స్వేచ్ఛ అన్నావు కదే. ఎవరినైనా పుట్టించొచ్చు అన్నావు. నీ చెయ్యి ఎవరూ పట్టుకోలేదు కదా?"

"లేదు."

"మరి ఆ లాంతరు పట్టుకున్నది నేనెందుకు కాలేదే?"

అత్తయ్య గరిటె వదలకుండానే నా వైపు తిరిగింది.

"నిన్ను ఈ చేతుల్తో పెంచాను. ఆయన భుజం నీ కంటబడింది. ఆయన పంచదార కంటబడింది. ఆయనకి ఎక్కడో దేశం కాని దేశంలో ఒకతిని వెతికి పెట్టావు, నదికి అడ్డంపడి మరీ వెతికావు. అందులో నేనెక్కడున్నానే? ఒక భార్య వచ్చింది మూడో వారంలో. చారులో ఉప్పెక్కువేసి వెళ్లిపోయింది. ఊళ్లో అందరూ ఆయన్ని గుర్తుపట్టారు. నన్ను అందులో ఎవరూ గుర్తుపట్టలేదు, నీతో సహా. ఊళ్లో అందరూ నిజమనుకుంటుంటే ఆయన కూడా మురిసిపోతున్నాడు. ఆయన మొహం చూశావా? ఇక నేనెళ్లి ఆసుపత్రిలో ఎవరిగా కూర్చోను?"

ఆమె నా మీద నేరమేమీ మోపలేదు, అయినా అంతకన్నా పెద్ద నేరం నాకెవరూ చూపించలేదు. నేను స్వేచ్ఛగా ఊహించాననుకున్నాను. నా ఊహ ఇంట్లో మనిషిని దాటుకుని, చెయ్యి కూడా తగలకుండా, తిన్నగా అవతలి ఒడ్డుకి వెళ్లిపోయింది. "గరిటె ఇవ్వు, నేను కలుపుతాను," అన్నాను. "నీకు చేతకాదు, మాడుస్తావు," అంది.

బుధవారం పొద్దున నిజంగానే పొగమంచు దిగింది. కిటికీలోంచి చూస్తే నది లేదు, రేవు లేదు, ఎదురింటి కప్పు లేదు. మధ్యాహ్నానికి మెతోడికి ఇవ్వాలి. రాసి కొట్టేశాను, మళ్లీ రాసి కొట్టేశాను. ఇలింకాని తీసేసి అత్తయ్యని కూర్చోబెడితే అది లంచం ఇచ్చినట్టుంది. వాక్యం వాక్యంలో ఆ వాసన. చదివితే ఆమె కూడా పసిగట్టేస్తుంది. ఊరికే ఆయన్ని ప్లెవెన్ పంపడానికి రాసిన ముక్క అని విసిరికొడుతుంది. రెండుసార్లు ఊరికే వెళ్లి మొహం కడుక్కున్నాను.

నది మీద ఎక్కడో ఒక పడవ కూత వేసింది. అది ఎటు నుంచి వచ్చిందో చెప్పలేకపోయాను. ఎగువా, దిగువా, అవతలా, ఇవతలా ఏమీ తెలియలేదు. ఏ ఒడ్డు ఎటుందో తెలీదని మావయ్య అన్నది అప్పుడు గుర్తొచ్చింది. ఆ తర్వాత కలం ఆగలేదు.

స్తామో చివరి ప్రయాణంలో పొగమంచు పడుతుంది. రెండు కూతలు వేస్తాడు. లాంతరు కనిపిస్తుంది, ఎప్పటికన్నా దగ్గరగా. ఈసారి ఎలాగైనా ఆవిణ్ణి పలకరిద్దామని ఆ వెలుగు వైపే పడవని జరుపుతాడు. ఒడ్డు తగులుతుంది. తగిలింది మా రేవు. ఇన్నేళ్లూ పొగమంచులో ఒడ్లు తారుమారు చేసుకున్నాడు. ఇలింకా అనే పేరు ఆయన తన మనసులో పెట్టుకున్న పేరు. లాంతరు పట్టుకుని నిలబడ్డది ఆయన భార్య. జుట్టు రేగి ఉంది, ఆయన పాత కోటు తొడుక్కుని ఉంది. "ఎంతసేపు కూస్తావయ్యా, వినిపించింది. ఊళ్లోవాళ్లు నిద్రపోవద్దా?" అంటుంది. ఆయన పడవ దిగుతాడు. కథ అక్కడితో అయిపోయింది. అది భయంతో రాశానో, స్వేచ్ఛతో రాశానో నాకు ఇప్పటికీ తెలియదు.

మెతోడి చదివి కళ్లజోడు తీశాడు. "చావలేదే?"

"కింద సగం పేజీ చావులే ఉన్నాయి. పైన ఒక్కణ్ణయినా బతకనీ."

ఏదో అనబోయి, మళ్లీ ఒకసారి చదివి, అచ్చుకి పంపించాడు.

గురువారం మధ్యాహ్నం ప్లెవెన్ బస్సు. పేపరు పట్టుకుని పొద్దున్నే వెళ్లాను. మావయ్య చొక్కా వేసుకుని మెట్టు మీద కూర్చున్నాడు, సంచీ సర్దలేదు. అప్పటికే చదివినట్టున్నాడు, నా వంక ఓరగా చూసి, "పొగమంచులో ఒడ్లు తారుమారవడం ఒక్కటి మాత్రం నిజం," అన్నాడు మెల్లగా. అత్తయ్య వంటింట్లో నిలబడి చదువుతోంది. చివరిదాకా చదివి మళ్లీ మొదటి వాక్యానికి వెళ్లింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను, కూర్చునే ధైర్యం లేదు.

"అబద్ధం," అంది. "ఆ వేళకి నేను గుర్రుపెట్టి నిద్రపోతుంటాను. ఈయన కూత నాకు ఒక్కనాడూ వినిపించలేదు."

ఆమె వేలు పేపరు మీద ఒక చోట ఆగింది.

"ఆ కోటు ఏ రంగు?"

"రాయలేదు అత్తయ్యా."

"గోధుమరంగు. పైగుండీ ఊడిపోయింది. కుట్టమని ఇచ్చాడు, నేను కుట్టలేదు. చలి వేసినా అలాగే తొడుక్కుని..." అక్కడ ఆగిపోయింది. పేపరుని కథ పైకి వచ్చేలా, ప్రకటనలు లోపలికి పోయేలా మడిచింది. చేతిసంచీలో పెట్టుకుంది. తర్వాత బయటికి వచ్చి, "ఏమయ్యా, ఇంకా సర్దుకోలేదా? బస్సు నీకోసం ఆగుతుందా?" అంది.

బయల్దేరేటప్పుడు అన్నీ నీళ్లలా సాఫీగా జరగాలని రాగి చెంబుతో గడప మీద నీళ్లు పోసింది. సాగనంపేవాళ్లు పోసి ఇంట్లో ఉండిపోతారు. అత్తయ్య పోసి, చెంబు గూట్లో పెట్టి, ఆ తడి దాటి మా వెనకే వచ్చింది. పక్కింటి త్సోన్కా కిటికీలోంచి చూస్తోంది. "వస్తావా కుంకా అక్కా నువ్వు కూడా?" అని అడిగింది. "నేను కాకపోతే ఎవరు, రొమేనియావాళ్లా?" అంది అత్తయ్య.

శుక్రవారం ఆయన్ని చక్రాల మంచం మీద ఆపరేషన్ గది వైపు తీసుకొచ్చారు. ఆకుపచ్చ దుప్పటి కింద ఆయన ఇంత చిన్నవాడా అనిపించింది. మొహం పాలిపోయి ఉంది. భయపడుతున్నాడని చూడగానే తెలిసింది, ఆయన్ని అలా నేనెప్పుడూ చూడలేదు. అత్తయ్య దుప్పటి అంచు సర్దింది. సర్దాల్సిందేమీ లేదు. మంచం కదిలింది. తలుపు దాకా వెళ్లాక మావయ్య పెదాలు సున్నాలా చుట్టి, ఊపిరి చాలక సగం గాలితోనే, రెండు పొట్టి కూతలు వేశాడు. మంచం తోసే నర్సు అర్థం కాక ఆగిపోయింది.

"వినిపించింది," అంది అత్తయ్య. "వెళ్లు. నేను మేలుకునే ఉంటాను."

తలుపు మూసుకుంది. మేమిద్దరం బెంచీ మీద కూర్చున్నాం. నేను తలుపు వైపు చూసి చూసి, ఆ తలుపు తెరుచుకుని ఎవరేమంటారో రకరకాలుగా ఊహించుకుని, అన్నీ చెడ్డవే తోచి, చివరికి ఎప్పుడో అత్తయ్య భుజం మీద వాలిపోయాను. డాక్టరు బయటికి వచ్చి, ఆయన బాగానే ఉన్నాడని చెప్పేటప్పుడు నేను నిద్రలో ఉన్నానట. అత్తయ్య మేలుకునే ఉంది.